నామం కంటే ముందు సర్వనామం: ఇంగ్లీషు వ్యాకరణ పరీక్షల్లో ఒక చిక్కు

(స్మారకోపన్యాస పాఠం)

1. విషయ స్వరూపం

నామానికి బదులుగా వచ్చేది సర్వనామం. అది ఎవరిని చెబుతోందో, దేనిని చెబుతోందో తెలియాలంటే దగ్గరలో ఒక నామం ఉండాలి. ఇంగ్లీషు వ్యాకరణంలో ఆ నామాన్ని యాంటిసిడెంట్ అంటారు. సాధారణంగా నామం ముందు వస్తుంది, సర్వనామం దాని తరువాత వస్తుంది. అయితే ఇంగ్లీషులో ఈ వరుస తిరగబడడం అరుదేమీ కాదు. ఈ కింది నాలుగు వాక్యాల్లోనూ ఉన్నవి దాదాపు అవే మాటలు.

(1) వెన్ రవి రీచ్డ్ అమీర్‌పేట్, హి కాల్డ్ హిజ్ మదర్.
(2) రవి కాల్డ్ హిజ్ మదర్ వెన్ హి రీచ్డ్ అమీర్‌పేట్.
(3) వెన్ హి రీచ్డ్ అమీర్‌పేట్, రవి కాల్డ్ హిజ్ మదర్.
(4) హి కాల్డ్ హిజ్ మదర్ వెన్ రవి రీచ్డ్ అమీర్‌పేట్.

మొదటి రెండింటిలో రవి ముందు, ‘హి’ తరువాత. వీటి విషయంలో ఎవరికీ సందేహం రాదు. చివరి రెండింటిలో ‘హి’ ముందు, రవి తరువాత. అయినా ఆ రెండూ ఒకటి కావు. మూడో వాక్యంలో అమీర్‌పేట చేరినదీ, ఫోన్ చేసినదీ రవే కావచ్చు. నాలుగో వాక్యంలో ఫోన్ చేసినది రవి కాదు, వేరే ఎవరో. ఈ ఉపన్యాసమంతా ఈ రెండు వాక్యాల మధ్య తేడా చుట్టూనే నడుస్తుంది. తేడా ఎక్కడ ఉంది, తెలుగు మాతృభాషగా ఉన్న అభ్యర్థి ఇక్కడ ఎందుకు తడబడతాడు, పరీక్షలో ఇలాంటి బిట్టు ఎదురైతే ఏం చూడాలి అన్నవి వరుసగా వస్తాయి.

అప్పటికే వచ్చిన నామాన్ని చూపే సర్వనామ ప్రయోగాన్ని అనాఫొరా అనీ, ఇంకా రాని నామాన్ని చూపే ప్రయోగాన్ని కెటాఫొరా అనీ అంటారు. రెండో పేరును జర్మన్ పండితుడు కార్ల్ బ్యూలర్ 1934లో వాడాడు. హాలిడే, హసన్ 1976లో ప్రచురించిన ‘కొహీషన్ ఇన్ ఇంగ్లిష్’ తరువాత ఈ రెండు పేర్లూ ఇంగ్లీషు బోధనలో స్థిరపడ్డాయి. కోచింగ్ తరగతుల్లో ఈ పేర్లు వినబడవు. ‘ప్రొనౌన్ ముందొచ్చిన సెంటెన్స్’ అంటే అక్కడ అందరికీ తెలుస్తుంది.

2. అమీర్‌పేట, పంజగుట్టల్లో ఈ ప్రశ్న

మైత్రీవనం కూడలి, ఆదిత్య ఎన్‌క్లేవ్ పరిసరాల్లో గోడలనిండా బోర్డులే. సాఫ్ట్‌వేర్ కోర్సులు, బ్యాంక్ పరీక్షలు, స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ (ఎస్‌ఎస్‌సీ) పరీక్షలు, స్పోకెన్ ఇంగ్లీష్ అన్నీ అక్కడ పక్కపక్కనే ఉంటాయి. అక్కణ్ణుంచి పంజగుట్ట వైపు వస్తే విదేశీ విద్య కన్సల్టెన్సీలు, వాటితోపాటు ఐఇఎల్‌టిఎస్, టోఫెల్, జీఆర్‌ఈ శిక్షణ కనిపిస్తాయి. ఈ రెండు పేటల్లోనూ ఇంగ్లీషు వ్యాకరణం చెప్పేవారు ఉన్నారు. అయితే వారు తయారుచేసే అభ్యర్థులు రాసే పరీక్షలు ఒక తీరువి కావు.

బ్యాంక్, ఎస్‌ఎస్‌సీ పరీక్షల్లో ఈ విషయం ‘స్పాటింగ్ ఎర్రర్స్’ బిట్లలో వస్తుంది. వాక్యాన్ని ముక్కలుగా కోసి, ఏ ముక్కలో తప్పుందో గుర్తించమంటారు. ఏ ముక్కలోనూ తప్పు లేకపోతే ‘నో ఎర్రర్’ అని గుర్తించాలి. ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో 60 నిమిషాల్లో 100 ప్రశ్నలు, వాటిలో ఇంగ్లీషువి 25. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. ఐబీపీఎస్ పీఓ ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు 30 ప్రశ్నలకు ఇచ్చేది 20 నిమిషాలు, అంటే ప్రశ్నకు 40 సెకన్లు. అక్కడ తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది.

విదేశీ విద్య పరీక్షలకు వస్తే, జీమ్యాట్‌లో సెంటెన్స్ కరెక్షన్ విభాగం చాలాకాలం సర్వనామాల మీద సూక్ష్మమైన ప్రశ్నలు అడిగింది. 2023 నవంబరులో మొదలైన ఫోకస్ ఎడిషన్‌లో ఆ విభాగమే లేదు. టోఫెల్‌లో వాక్యంలో తప్పు పట్టే విభాగం 2005లో వచ్చిన ఇంటర్నెట్ పరీక్షతో పోయింది. ఐఇఎల్‌టిఎస్‌లో వ్యాకరణ బిట్లే ఉండవు. కానీ అభ్యర్థి రాసిన వ్యాసంలో ఏ సర్వనామం ఎవరిని చెబుతోందో తెలుస్తోందా లేదా అన్నది ‘కొహీరెన్స్ అండ్ కొహీషన్’ కింద మార్కులను తేలుస్తుంది. కాబట్టి పంజగుట్ట అభ్యర్థికి ఇది రాతలో పాటించవలసిన విషయం. అమీర్‌పేట బ్యాంక్ బ్యాచ్‌కు 40 సెకన్లలో తేల్చవలసిన బిట్టు.

సమయం ఇంత తక్కువ కాబట్టి షార్ట్‌కట్లు పుట్టాయి. వాటిలో ఒకటి ‘ఫస్ట్ నౌన్, నెక్స్ట్ ప్రొనౌన్’. సర్వనామం ముందు కనబడిందా, అక్కడే తప్పుందని గుర్తించమని దాని సారాంశం. ఈ సూత్రం ఎలా దెబ్బతీస్తుందో ఒక మాదిరి బిట్టులో చూడవచ్చు.

వెన్ హి అరైవ్డ్ (ఎ) / ఎట్ ది ఎగ్జామినేషన్ సెంటర్, (బి) / రవి ఫౌండ్ దట్ హి హ్యాడ్ (సి) / లెఫ్ట్ హిజ్ హాల్ టికెట్ ఎట్ హోమ్. (డి) / నో ఎర్రర్ (ఇ)

షార్ట్‌కట్‌ను నమ్మినవారు (ఎ) గుర్తిస్తారు. ‘హి’ ఎవరో చెప్పకుండానే వచ్చింది కదా అన్నది వారి వాదన. (సి)లో కాలం మారిందని అనుమానించేవారూ ఉంటారు. కానీ వచ్చి చేరకముందే హాల్ టికెట్ ఇంట్లో ఉండిపోయింది కనుక ‘హ్యాడ్ లెఫ్ట్’ సరైనదే. సరైన జవాబు (ఇ). వాక్యంలో ఏ తప్పూ లేదు.

3. అసలు నియమం

నామం ముందుందా, సర్వనామం ముందుందా అన్నదొక్కటే చూస్తే ఈ చిక్కు విడదు. సర్వనామం వాక్యంలో ఏ అంతస్తులో ఉందన్నది కూడా చూడాలి. ముందొచ్చిన సర్వనామం ఉపవాక్యంలోనో పదబంధంలోనో ఒదిగి ఉండి, నామం ప్రధాన వాక్యంలో ఉంటే రెండూ ఒకరినే చెప్పవచ్చు. ముందొచ్చిన సర్వనామమే ప్రధాన వాక్యానికి కర్త అయితే, తరువాత వచ్చే నామం దానితో కలవదు. దీనిని ఒక్కొక్క నిర్మాణంలోనూ పరీక్షించవచ్చు.

మొదటిది ఉపవాక్యం ముందున్న నిర్మాణం. వెన్, ఇఫ్, ఆఫ్టర్, బిఫోర్, బికాజ్, ఆల్దో లాంటి మాటలతో మొదలైన ఉపవాక్యంలో సర్వనామం రావచ్చు. పై మూడో వాక్యం ఇలాంటిదే.

రెండోది విభక్తి పదబంధం ముందున్న నిర్మాణం. ‘ఇన్ హర్ ఫస్ట్ ఇంటర్వ్యూ, లక్ష్మి స్పోక్ వెరీ లిటిల్’ అన్న వాక్యంలో ‘హర్’ లక్ష్మిదే. ఇందులో దోషం లేదు. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ఇది మామూలుగా కనబడే వాక్యం.

మూడోది కర్త లోపల సర్వనామం ఒదిగిన నిర్మాణం. ‘హిజ్ మదర్ కాల్డ్ రవి ఎట్ నూన్’ అన్నప్పుడు కర్త తల్లి. ‘హిజ్’ ఆ కర్తలో ఒక భాగం మాత్రమే. ఇక్కడ ఆ తల్లి రవి తల్లి కావడానికి అడ్డు లేదు. ‘హి కాల్డ్ రవీస్ మదర్’ అంటే మాత్రం ఫోన్ చేసినది రవి కాదు. మొదటి దానిలో సర్వనామం కర్తలో భాగం, రెండో దానిలో సర్వనామమే కర్త.

నాలుగోది సమాన హోదా గల రెండు వాక్యాలు ‘అండ్’తో కలిసిన నిర్మాణం. ‘హి రీచ్డ్ అమీర్‌పేట్ అండ్ రవి కాల్డ్ హిజ్ మదర్’ అంటే ఇద్దరు మనుషులు. ఇక్కడ ఉపవాక్యం లేదు కాబట్టి సర్వనామం ఒదగడానికి చోటు లేదు. ‘బట్’తో మాత్రం ఒక వెసులుబాటు ఉంది. ‘హి డజ్‌న్ట్ నో ఇట్ యెట్, బట్ రవి హాజ్ గాట్ ది జాబ్’ అని ఇంగ్లీషువారు సహజంగానే అంటారు. అసలు సమాచారం రెండో సగంలో ఉందని మొదటి సగమే సూచిస్తుంది కనుక ఇది చెల్లుతుంది. పరీక్షల్లో ఇలాంటి వాక్యాలు రావడం అరుదు.

ఐదోది ‘ఇట్’తో మొదలయ్యే వాక్యం. ‘ఇట్ ఈజ్ క్లియర్ దట్ ది ఎగ్జామ్ విల్ బి పోస్ట్‌పోన్డ్’ అన్న వాక్యంలో ‘ఇట్’ ఏ నామాన్నీ చెప్పడం లేదు. తరువాత వచ్చే ‘దట్’ వాక్యానికి స్థలం పట్టి ఉంచింది, అంతే. దీనికి యాంటిసిడెంట్ లేదని తప్పు పట్టడం అసలు కుదరదు.

4. భాషాశాస్త్రం ఏం తేల్చింది

మూడో, నాలుగో వాక్యాల మధ్య తేడా ఇంగ్లీషు మాట్లాడేవారికి ఎప్పటినుంచో తెలిసినదే. దానికి కారణం మాత్రం 1960ల దాకా ఎవరూ సరిగా చెప్పలేదు. పరివర్తన వ్యాకరణం వచ్చాక జాన్ రాబర్ట్ రాస్, రోనాల్డ్ లాంగకర్ వేర్వేరుగా దీనిని పట్టించుకున్నారు. 1969లో అచ్చయిన లాంగకర్ వ్యాసం రెండు షరతులను కలిపింది. సర్వనామం నామానికి ముందు ఉండి, పైగా నిర్మాణంలో దాని మీద అధికారం కూడా కలిగి ఉంటే, ఆ రెండూ ఒకరిని చెప్పలేవు. ముందుండడం ఒక్కటే దోషం కాదని ఈ వ్యాసంతో స్పష్టమైంది.

1976లో తాన్యా రైన్‌హార్ట్ తన ఎంఐటీ పరిశోధనలో ఇంకో అడుగు వేసి, ముందు వెనకల ప్రసక్తి లేకుండా నిర్మాణంలోని అధికారం ఒక్కదానితోనే ఈ విషయాన్ని వివరించే ప్రయత్నం చేసింది. ఆమె నిర్వచించిన సంబంధాన్ని సి-కమాండ్ అంటారు. నోమ్ చామ్‌స్కీ 1981లో సూత్రీకరించిన మూడు నియమాల్లో మూడోదానికి ఆధారం అదే. తనపై నిర్మాణాధికారం గల సర్వనామంతో నామం ఏకం కాదని ఆ నియమం చెబుతుంది. పై నాలుగో వాక్యంలో ‘హి’ రవి కాలేకపోయేది ఇక్కడే.

చదివేవారి బుద్ధి కూడా ఈ నియమం వెంటే నడుస్తుందని ప్రయోగాలు చూపాయి. ఉపవాక్యంలో సర్వనామం కనబడగానే పాఠకుడు ప్రధాన వాక్యపు కర్త కోసం వెతకడం మొదలుపెడతాడు. నియమం నిషేధించిన స్థానాల్లో అలా వెతకడు. 2007లో కజానినా, ఆమె సహపరిశోధకులు ప్రచురించిన అధ్యయనం దీనిని చూపించింది. కాబట్టి ముందొచ్చిన సర్వనామం పాఠకుణ్ణి అయోమయంలో పడేస్తుందన్న వాదన నిలవదు. అది కర్తను ముందే ఎదురుచూసేలా చేస్తుంది.

ఇంగ్లీషు బోధన కోసమే పెట్టిన సంస్థ హైదరాబాదులోనే ఉంది. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా మొదలై, 1972లో సీఫెల్‌గా మారి, 2007 నుంచి ఇఫ్లూగా నడుస్తున్న విశ్వవిద్యాలయం తార్నాక వైపు ఉంది. వాక్యనిర్మాణంపై అక్కడ గట్టి పరిశోధన జరిగింది. అయినా ఆ సూత్రాలు అమీర్‌పేట మెటీరియల్‌లోకి రాలేదు. అక్కడికి చేరింది రెన్ అండ్ మార్టిన్ సంప్రదాయం. ఎన్.డి.వి. ప్రసాదరావు సవరించిన ఆ వ్యాకరణం తరతరాలుగా చేతులు మారుతూనే ఉంది. సర్వనామం తన నామంతో లింగ వచనాల్లో కలవాలని, అది ఎవరిని చెబుతోందో స్పష్టంగా ఉండాలని ఆ సంప్రదాయం చెబుతుంది. ఈ రెండూ సరైన మాటలే. ‘నామమే ముందుండాలి’ అన్నది వీటికి కోచింగ్‌లో చేరిన అదనపు తోక.

5. తెలుగు చెవికి ఎందుకు తప్పనిపిస్తుంది

షార్ట్‌కట్ నిలబడడానికి సమయం చాలకపోవడం ఒక్కటే కారణం కాదు. తెలుగు వాక్యనిర్మాణం కూడా దానికి వంత పాడుతుంది. మూడో వాక్యాన్ని మాటకు మాటగా తెలుగులో పెడితే ‘అతను అమీర్‌పేట చేరగానే రవి అమ్మకు ఫోన్ చేశాడు’ అవుతుంది. ఇది విన్న ఏ తెలుగువారికైనా ఇద్దరు మనుషులు కనబడతారు. ఎవరో అమీర్‌పేట చేరారు, రవి ఫోన్ చేశాడు. ఇంగ్లీషు వాక్యం కూడా అలాగే తోచి, ‘హి’ ఎవరో తెలియడం లేదని విద్యార్థి తప్పు గుర్తిస్తాడు.

తెలుగులో ఒకే మనిషి గురించి చెప్పాలంటే సర్వనామమే అక్కర్లేదు. ‘అమీర్‌పేట చేరగానే రవి అమ్మకు ఫోన్ చేశాడు’ అంటే చాలు. ఉపవాక్యంలో కర్తను వదిలేస్తే, ప్రధాన వాక్యపు కర్తే దానికీ కర్త. కర్తను చెప్పక తప్పనప్పుడు ‘అతను’ కాక ‘తను’ వస్తుంది. ‘తను చదివిన బడికి రవి కంప్యూటర్లు కొనిచ్చాడు’, ‘తన ఊరిని రవి మరచిపోలేదు’ అన్నవి ఎవరి చెవికీ తేడాగా వినిపించవు. రెండింటిలోనూ సర్వనామం ముందు, నామం వెనక. అంటే నామం కంటే ముందు సర్వనామం తెలుగుకు కొత్తేమీ కాదు. తెలుగు ఆ పనిని ‘తను’కు అప్పగించింది, ‘అతను’కు ఇవ్వలేదు. ఇంగ్లీషులో ఈ రెండు పనులూ ‘హి’ ఒక్కటే చేస్తుంది. తెలుగులోని ‘తాను’ ప్రవర్తనను కె.వి. సుబ్బారావు, బి. లలితామూర్తి దక్షిణాసియా భాషల సర్వనామాలపై 2000లో వచ్చిన గ్రంథంలో వివరంగా చర్చించారు.

నాలుగో వాక్యం దగ్గర తడబాటు ఎదురు దిశలో జరుగుతుంది. తెలుగులో ఉపవాక్యం సాధారణంగా ముందే వస్తుంది. అందువల్ల ‘హి కాల్డ్ హిజ్ మదర్ వెన్ రవి రీచ్డ్ అమీర్‌పేట్’ అన్న దానిని మనసులో తెలుగు చేసుకునే విద్యార్థి చివరి ముక్కను ముందుకు తెచ్చుకుంటాడు. ‘రవి అమీర్‌పేట చేరగానే అమ్మకు ఫోన్ చేశాడు’ అని అన్వయం కుదిరిపోతుంది. పద్యానికి అన్వయం చెప్పుకొనే అలవాటున్న భాషలో మాటల వరుస మార్చుకుని అర్థం తీయడం చిన్నప్పటి నుంచీ వచ్చిన నేర్పు. ఇంగ్లీషులో మాత్రం ఆ నేర్పే దెబ్బతీస్తుంది. వరుస మారగానే వాక్యంలో ఎవరు ఎవరన్నది కూడా మారిపోతుంది.

ఈ విధంగా తెలుగు చెవి రెండువైపులా పొరపడుతుంది. ఒప్పైన మూడో వాక్యాన్ని తప్పంటుంది. ఒకే మనిషిని చెప్పలేని నాలుగో వాక్యానికి ఆ అర్థమే ఇస్తుంది. ‘ఫస్ట్ నౌన్, నెక్స్ట్ ప్రొనౌన్’ సూత్రం రెండో పొరపాటును ఆపుతుంది, మొదటిదాన్ని గట్టి చేస్తుంది. తరగతిలో దానికి బదులు చెప్పదగినది ఒకటుంది. ఇంగ్లీషు వాక్యం ఉపవాక్యంతో మొదలైతే, అందులోని ‘హి’ లేదా ‘షి’ చోట ‘తను’ పెట్టి చూడాలి, లేదా ఆ మాటను తీసేసి చూడాలి. తెలుగు వాక్యం కుదిరితే ఇంగ్లీషు వాక్యం కూడా సాధారణంగా సరైనదే. వాక్యం ప్రధాన వాక్యంతో మొదలైతే ఈ పద్ధతి వాడకూడదు. తెలుగులోకి తేగానే వరుస తిరగబడుతుంది కనుక అక్కడ అది మోసం చేస్తుంది.

6. లెక్కలోంచి తీసేసిన ఒక ప్రశ్న

యాంటిసిడెంట్ గురించి మొరటు సూత్రాలు పెట్టుకోవడం అమీర్‌పేటకే పరిమితం కాదు. 2002 అక్టోబరులో అమెరికాలో జరిగిన పీఎస్‌ఏటీ పరీక్షలో రచయిత్రి టోనీ మారిసన్ ప్రతిభ గురించి ఒక వాక్యం ఇచ్చి తప్పుందేమో చూడమన్నారు. ‘టోనీ మారిసన్స్ జీనియస్’ అని మొదలైన ఆ వాక్యంలో తరువాత ‘హర్’ వచ్చింది. కీ ప్రకారం వాక్యంలో తప్పు లేదు. మేరీలాండ్‌కు చెందిన ఒక హైస్కూలు ఉపాధ్యాయుడు దీనికి అభ్యంతరం చెప్పాడు. షష్ఠిలో ఉన్న నామం సర్వనామానికి యాంటిసిడెంట్ కాలేదన్న నియమం కొన్ని రచనా మార్గదర్శకాల్లో ఉందన్నది ఆయన వాదన. చాలా నెలల ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత 2003లో నిర్వాహకులు ఆ ప్రశ్నను లెక్కలోంచి తీసేశారు. నియమమే ఆధారం లేనిదని, మంచి రచయితలంతా దానిని ఉల్లంఘిస్తూనే ఉన్నారని భాషాశాస్త్రవేత్తలు విమర్శించారు.

ఆ ఘటనలో నామం ముందే ఉంది, సర్వనామం తరువాతే వచ్చింది. వరుస సరిగా ఉన్నా వివాదం తప్పలేదు. ఇంకో విశేషమూ ఉంది. షష్ఠి నామాన్ని ఒప్పుకోని మార్గదర్శకాలు ‘ఇన్ టోనీ మారిసన్స్ నావెల్స్, షి...’ అన్న ఆరంభాన్ని తప్పు పడతాయి. దానికి మామూలుగా చెప్పే సవరణ ‘ఇన్ హర్ నావెల్స్, టోనీ మారిసన్...’. అంటే నామాన్ని వెనక్కి, సర్వనామాన్ని ముందుకు జరపడమే. అమీర్‌పేట షార్ట్‌కట్ తప్పు పట్టే వాక్యాన్నే అతి చాదస్తపు మార్గదర్శకం ఒప్పుగా చూపిస్తోంది.

7. పరీక్షలో చూడవలసినవి

సర్వనామం ముందుండడం తప్పు కాదంటే, అలాంటి వాక్యంలో తప్పే ఉండదని కాదు. ప్రశ్న తయారుచేసేవారు ఈ నిర్మాణం చాటున వేరే తప్పులు దాచుతారు. వాటిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది వచనం. ‘బికాజ్ ఆఫ్ దెయిర్ లో ఫీజ్, ది ఇన్‌స్టిట్యూట్ అట్రాక్ట్స్ మెనీ స్టూడెంట్స్’ అన్న దానిలో ‘దెయిర్’ చదివేసరికి దాని నామం ఇంకా రాలేదు. ‘ఇన్‌స్టిట్యూట్’ వచ్చేసరికి ‘దెయిర్’ సంగతి మరపున పడుతుంది. అక్కడ ‘ఇట్స్’ ఉండాలి. నామం చేరగానే వెనక్కి తిరిగి వచనం సరిచూసుకునేవారికి ఇది దొరుకుతుంది. ‘ఎవ్రీ క్యాండిడేట్’ లాంటి కర్తకు ముందు ‘దే’ వచ్చినా పరీక్ష కీలు ఎక్కువగా ఏకవచనాన్నే ఆశిస్తాయి. నేటి ఇంగ్లీషులో ఏకవచనార్థంలో ‘దే’ బాగా చెల్లుబాటవుతున్నా, పరీక్షలో కీని బట్టి నడవక తప్పదు.

రెండోది వేలాడే పదబంధం. ‘ఆఫ్టర్ ఫినిషింగ్ హర్ కోర్స్, లక్ష్మి జాయిన్డ్ ఎ బ్యాంక్’ సరైనది. ‘ఆఫ్టర్ ఫినిషింగ్ హర్ కోర్స్, ఎ బ్యాంక్ గేవ్ లక్ష్మి ఎ జాబ్’ తప్పు. రెండో దానిలో కోర్సు పూర్తిచేసినది బ్యాంకు అయి కూర్చుంది. దోషం ‘హర్’లో లేదు, ‘ఫినిషింగ్’కు కర్త కుదరకపోవడంలో ఉంది. జవాబుగా ఏ ముక్కను గుర్తించాలన్నది దీనివల్ల మారిపోతుంది.

మూడోది అస్పష్టత. ‘రవి టోల్డ్ కిరణ్ దట్ హి హ్యాడ్ పాస్డ్’ అన్న దానిలో నామాలు రెండూ ముందే ఉన్నాయి, అయినా పాసైనది ఎవరో తేలదు. ‘వెన్ హి మెట్ ది మేనేజర్, రవి వాజ్ నర్వస్’ అన్న దానిలో నామం తరువాతే వచ్చింది, అయినా మేనేజరును కలిసినది రవే అని తేలికగా తెలుస్తుంది. స్పష్టతను వరుసతో కొలవకూడదు. సర్వనామానికి సరిపోయే నామాలు ఎన్ని ఉన్నాయో చూడాలి.

అందుకని ముందొచ్చిన సర్వనామం కనబడినప్పుడు అభ్యర్థి మూడు పనులు చేస్తే చాలు. అది ఉపవాక్యంలోనో పదబంధంలోనో ఉందా, లేక ప్రధాన వాక్యపు కర్తా అని చూడాలి. దానికి సరిపోయే నామం ప్రధాన వాక్యంలో ఒక్కటే ఉందా అని చూడాలి. లింగ వచనాలు కలిశాయా అని చూడాలి. మూడింటికీ జవాబు అనుకూలంగా ఉంటే ఆ ముక్కను వదిలి, తప్పును వేరే చోట వెతకాలి. ప్రశ్న తయారుచేసేవారు కూడా కీలో ‘నామం ముందు రాలేదు’ అన్న ఒక్క కారణంతో వాక్యాన్ని తప్పుగా చూపకూడదు. అభ్యంతరం వస్తే ఆ కీని ఏ ప్రామాణిక ఇంగ్లీషు వ్యాకరణమూ సమర్థించదు.